భుజాన నాగలి

పేరుతో మనకు పనిలేని ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయలని ఓ రాజుండేవాడు. మనసు వెన్నే, పాపం. తన తెలివంటే మాత్రం ఆయనకి తగని మురిపెం.

ఆ ఏడు కరువుకి రైతుల ఇళ్లలో విత్తనపు గింజ కూడా మిగల్లేదు. రాజు జాలిపడి, కోటలోని గాదెలు తెరిచి విత్తనాలు ఊరికే ఇస్తానన్నాడు. అక్కడితో ఆగితే ఆయన ఉద్దండరాయలెందుకవుతాడు?

"దొంగ రైతులొస్తేనో? రైతన్నవాడు భుజాన నాగలితో స్వయంగా కోటకి రావాలి. అదే రుజువు!" అని చాటింపు వేయించాడు.

సభంతా ఆహా ఓహో అంది. కొలువులోని మాటకారి పేరయ్య ఒక్కడే పెదవి విరిచాడు.

ఇంకేముంది, వడ్రంగులకి పండగే పండగ! మంత్రిగారి బావమరుదులు, నగల వర్తకులు, జూదరులు, అందరూ కొత్త నాగళ్లు చేయించుకున్నారు. అసలు రైతులేమో తొలకరి నేడో రేపో పడుతుందని పొలాలు వదిలి కదల్లేదు. వాన పడేనాటికి చేతిలో విత్తనం లేకపోతే వాళ్లకి ఆ ఏడూ పస్తులే. ఈ సంగతి రాజుకి ఎలా తెలియజెప్పాలా అని పేరయ్య దారి వెతకసాగాడు.

పంపకం రోజు తెల్లారగానే అతని ఎడమ మోకాలు సలపడం మొదలైంది. వాన సంగతిలో ఆ మోకాలు ఎన్నడూ అబద్ధమాడలేదు. పేరయ్య కుంటుతూనే రాజు దగ్గరికి పరుగెత్తాడు.

"ప్రభూ, ఇంతటి దానం నాలుగు గోడల మధ్యనా? ఆరుబయట చేస్తే ఊరంతా మీ వైభవం చూడదూ?"

రాజు మీసం దువ్వి, సింహాసనం కోట ముంగిట్లో వేయించాడు. నాగళ్ల బారు చూసి పొంగిపోయాడు.

"చూశావటయ్యా, ఎందరు రైతులో!"

"నాకు ఒక్కరే కనబడుతున్నారు, ప్రభూ."

"కళ్లు పోయాయా? రుజువు చూపించు. లేదా రేపటినుంచి కొలువుకి రాకు!"

"చిత్తం. కాస్త ఓపిక పట్టండి" అని పేరయ్య కింద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. 'పరువు నిలబెట్టవే తల్లీ' అని దానికే మొక్కుకున్నాడు.

ఉరిమింది. టపటపా చినుకులు మొదలై, చూస్తుండగానే కుండపోతయింది.

"అయ్యో నా పట్టుపంచె!" "నా తలపాగా!" అంటూ బారు బారంతా నాగళ్లు పారేసి మంటపంలోకి దూరింది. ఒక్క మనిషి మాత్రం వానలోనే నిలబడి పకపకా నవ్వుతోంది. కోట పక్క పల్లె ఓబుళమ్మ. ఆవిడ నాగలికి పాత మట్టి ఇంకా అంటుకునే ఉంది.

"వచ్చావా నా తల్లీ!" అని ఆకాశానికి దండం పెట్టి, నాగలి ఎత్తుకుని కోట బయటికి పరుగు తీసింది.

"అవ్వా, విత్తనాలు!" అని అరిచాడు భటుడు.

"తర్వాత చూద్దాం నాయనా! ముందు దున్నుకోవాలి, నేల పదును పోతుంది!"

ఉద్దండరాయలు మంటపం వైపు చూశాడు, ఖాళీ అయిన ముంగిలి చూశాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"బండ్లు కట్టండి! విత్తనాలే పొలాలకి వెళతాయి!" అంటూ మొదటి బండి తనే ఎక్కాడు.

ఓబుళమ్మ పొలం చేరేసరికి రాజుగారి కిరీటం ఏ గుంటలో పడిందో తెలీదు. ఒళ్లంతా బురద. ఆవిడ ఎడ్లను ఆపి కసిరింది.

"ఏరా అబ్బాయ్, గుడ్లప్పగించి చూస్తావేం? బస్తా దించు!"

"నేను... నేను రాజుని!"

వెనక బండి దిగిన పేరయ్య చేతులు కట్టుకుని, "రుజువేదీ ప్రభూ? భుజాన సింహాసనం తెచ్చారా?" అన్నాడు.

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే బస్తా భుజానికెత్తుకుని గట్టు మీద దించాడు. ఓబుళమ్మ నాలుక కరుచుకుంది.

మర్నాడు మోకాలి సంగతి విని రాజు మళ్లీ నవ్వాడు. నిండు సభలో ఆ ఎడమ కాలికే బంగారు గండపెండేరం తొడిగించాడు. ఇక ప్రతి ఏడూ తొలకరికి ముందే విత్తనాల బండ్లు పల్లెలకి బయల్దేరేవి. ఎప్పుడు బయల్దేరాలో పేరయ్య తన మోకాలిని అడిగి చెప్పేవాడు.