గరిడీలో గర్జన

అనగనగా కొండకు దిగువన ఒక కోట, కోటకు తూర్పున ఒక పేట, ఆ పేట చివర ఒక గరిడీశాల. ఆ ఊరి పేరు కుంభగిరి. దానిని ఏలే రాజు వీరకేతనుడు.

గరిడీ అంటే నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఊరివారు ఒళ్లు వంచి వ్యాయామం చేసే శాల అది. నువ్వులనూనె కలిపి మెత్తగా తవ్విన ఎర్రమన్ను నేల. గోడ వెంట గదలు, కర్రలు. నడుమ సంగిడి రాళ్లు. గుండ్రంగా చెక్కి, చేతిపట్టుకు గాడి తీసిన బరువురాయిని సంగిడి అంటారు. దానిని నేల నుండి రొమ్ముకు, రొమ్ము నుండి భుజానికి ఎత్తాలి. ఎంత నిదానంగా ఎత్తారో అంతే నిదానంగా దించాలి.

ఆ శాలలో విద్య నేర్పే గురువు గవరయ్య వస్తాదు. ఆయన మితభాషి. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. తోడు లేనిదే ఎవరూ రాయి ఎత్తరాదు.

ఎత్తేవానికి ఎదురుగా మరొకడు నిలబడాలి. అతడే తోడు. రాయి తిరిగి నేలను తాకేదాకా తోడు చూపు ఎత్తేవాని ముఖం మీదనే ఉండాలి. బరువు మించితే ఎత్తేవాడు "తోడు" అని మెల్లగా అంటాడు. రొమ్ము మీద రాయి ఉన్నవానికి గట్టిగా పిలిచే ఊపిరి ఎక్కడిది? ఆ చిన్నమాట చెవిన పడగానే ఎదుటివాడు రాయి అందుకుంటాడు. ఇది ఆ గరిడీ ఆచారం.

ఆ ఊరిలో వరహాలు సెట్టి అనే బెల్లం వర్తకుడు ఉండేవాడు. తూకంలో మాట పడని మనిషి. అయితే ఏళ్ల తరబడి దుకాణంలో కూర్చున్నందువల్ల దేహం బరువెక్కింది. సొంత ఇంటి మేడమెట్లు ఎక్కుతూ నడుమ ఆగి, ఏదో మరచిపోయి జ్ఞాపకం చేసుకుంటున్నట్టు నటించేవాడు.

ఒకనాడు వైద్యుడు నాడి చూశాడు. "సెట్టిగారూ, మీ గుండె అలసిపోయింది. మందు నేనిస్తాను. ఒళ్లు మీరే వంచాలి. వంచలేదా, వచ్చే మామిడిపండ్ల కాలానికి నన్ను పిలిచి ప్రయోజనం ఉండదు" అన్నాడు.

సెట్టి మరునాడే గరిడీకి వెళ్లాడు. ప్రాణం తీపి.

ఆ గరిడీలో పైడిమల్లు అనే యువకుడు ఉండేవాడు. సేనాపతికి మేనల్లుడు. అతడు ఎత్తినంత పెద్ద రాయిని ఎత్తగలవాడు ఊరిలో మరొకడు లేడు. అయితే ఎత్తేటప్పుడు చూరు అదిరేటట్టు గర్జించేవాడు. ఎత్తిన రాయిని దించేవాడు కాడు, వదిలేసేవాడు. అది దభీమని పడేది. అప్పుడొకసారి చుట్టూ కలయజూసేవాడు, ఎవరెవరు చూశారో అని.

మొదటినాడు ఆ గర్జన వినగానే సెట్టి చేతిలోని కర్ర జారిపోయింది. ముఖాన చెమట పట్టింది.

"ఏం సెట్టిగారూ! రాయి ఎత్తింది నేను. చెమట తమరికా?" అన్నాడు పైడిమల్లు.

అందరూ నవ్వారు.

"బెల్లం దిమ్మలకు నోరుండదు గదండీ. తమరికి చప్పుడు అలవాటు లేదు, పాపం!" అని మళ్లీ అందుకున్నాడు పైడిమల్లు.

సెట్టి కర్ర తీసుకుని మన్ను దులిపాడు. "అలవాటు లేకేం నాయనా. మా బజారులోనూ ఉంది. అమ్ముడుపోని సరుకుకే కేకలెక్కువ" అన్నాడు.

ఈసారి నవ్వు పైడిమల్లు మీదికి మళ్లింది. అతని ముఖం ఎర్రబడింది. ఆనాటి నుండి అతని గొంతు ఇంకా పెరిగింది.

గవరయ్య వస్తాదు అతనిని పక్కకు పిలిచాడు. "పైడీ, రాయి ఎత్తు. అరుపుతో ఊరిని ఎత్తకు."

"సింహం గర్జిస్తే తప్పా, వస్తాదుగారూ?"

"వేటకు పొంచిన సింహం గర్జించగా ఎవరైనా విన్నారా?"

పైడిమల్లు విన్నాడు. అయినా మారలేదు. సేనాపతి మేనల్లుడు కనుక మిగిలినవారు నోరు మెదపలేదు. నోరు మెదపకపోవడమే కాదు, కొందరు అతనిని అనుకరించారు. ఒకడు రంకె వేశాడు. ఒకడు అస్తమానం తొడ చరిచాడు. ఒకడు గదను గోడకు ఆనించక విసిరికొట్టాడు. చూరులో కాపురమున్న పావురాలు గూళ్లు విడిచిపోయాయి. చెడ్డ అలవాటుకు గురువు అక్కరలేదు.

సెట్టి మానేశాడు. ఇంట్లో కూర్చున్నాడు. భార్య సన్యాసమ్మ ఊరుకుంటుందా?

"ఏమండీ, గరిడీకి వేళయింది."

"నేను వెళ్లను. గుండె బాగుపడడం మాట దేవుడెరుగు. ఆ అరుపులకు ఉన్న గుండె ఆగిపోయేటట్టుంది."

"బాగుంది! అరిచేవాడు రోజూ పోతున్నాడు. అరవని మీరు మానేశారు. కండ ఆయనకు, జబ్బు మనకూనా?"

"చెవులు మూసుకుంటే చేతులు ఖాళీ ఉండవు గదే. రాయి దేనితో ఎత్తమన్నావు?"

"కోట మీద ఫిరంగి కాల్చిన అప్పలకొండ అన్నగారు అక్కడికే వస్తారట. ఆయన పక్కన నిలబడండి. ఏ అరుపూ ఆయనకు పట్టదు. ఆ నిబ్బరం మీకూ కొంత అంటుకుంటుంది."

అప్పలకొండ ఒకప్పటి ఫిరంగిదళంలోని వాడు. ఏళ్ల తరబడి ఫిరంగి పక్కన నిలబడడంతో వినికిడి పూర్తిగా పోయింది. ఎదుటివారి పెదవుల కదలిక చూసి మాట గ్రహించేవాడు. అందువల్ల ఎవరి ముఖమైనా శ్రద్ధగా చూడడం ఆయనకు అలవాటు.

సెట్టి భార్య మాట విన్నాడు. అప్పలకొండ పక్కన చేరాడు. గర్జన లేచినప్పుడల్లా అప్పలకొండ ముఖం చూసేవాడు. ఆ ముఖంలో గాలి లేని చెరువంత నెమ్మది. దానిని చూస్తూ తన ఊపిరి తాను సరిచేసుకునేవాడు. కొన్నాళ్లకు ఒళ్లు తేలికపడింది. మేడమెట్ల నడుమ ఏదీ జ్ఞాపకం చేసుకోవలసిన పని లేకపోయింది. వైద్యుడు నాడి చూసి తల ఊపాడు. "దారిన పడ్డారు. ఆపకండి. ఆపితే మళ్లీ మొదటికే" అన్నాడు.

ఇంతలో దసరా దగ్గర పడింది. వీరకేతన మహారాజు గరిడీని చూడవచ్చాడు. ఒకరి తరువాత ఒకరు తమ విద్య చూపాలని వస్తాదు వరుస ఏర్పరచాడు.

సెట్టి వంతు వచ్చింది. చిన్న సంగిడి ముందు వంగాడు. ఎదురుగా తోడు నిలిచినవాడు సాక్షాత్తు గవరయ్య వస్తాదు. సెట్టి రాయిని మోకాళ్లకు తెచ్చాడు. రొమ్ముకు తెచ్చాడు.

రాజు ముచ్చటపడ్డాడు. "బెల్లం అమ్మే చేతులేనా ఇవి!" అని ముందుకు వంగి చూశాడు.

పైడిమల్లు అది సహించలేకపోయాడు. తాను ఉండగా రాజు ఒక బెల్లం సెట్టిని చూడడమా? తన వంతు రాలేదు. తోడును పిలవలేదు. గబగబా వెళ్లి, శాలలోకెల్ల పెద్ద రాయిని ఒక్క ఊపున పైకెత్తి, మునుపెన్నడూ ఎరగనంతగా గర్జించాడు.

రాజు అటు తిరిగాడు. పరివారం అటు తిరిగింది. శిష్యులు అటు తిరిగారు. జీవితంలో ఎన్నడూ చూపు తప్పని గవరయ్య వస్తాదు తల కూడా అటు తిరిగింది.

సెట్టి ఉలిక్కిపడ్డాడు. మోకాలు వంగింది. వెల్లకిలా పడ్డాడు. రాయి రొమ్ము మీద నిలిచింది. దాని కింద రెండు చేతులూ అడ్డుపెట్టాడు. చేతులు వణుకుతున్నాయి, రాయి దిగబడుతోంది.

"తోడు" అన్నాడు.

భళా భళా అంటున్నారు జనం. ఎవరికీ వినబడలేదు.

"తోడు" అన్నాడు మళ్లీ. ఆ మాట అతని చెవికే ఆనలేదు.

మూడవసారి గొంతు పెగలలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

ఆ కదలికను ఒక్కడు చదివాడు. అప్పలకొండ ఎగిరి వచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. రాయి కింద రెండు చేతులు దూర్చి, భుజం ఆనించి, మన్నులోకి దొర్లించాడు.

అప్పటికి తక్కినవారు తిరిగి చూశారు. నీళ్లు తెచ్చారు. విసనకర్రతో విసిరారు. గవరయ్య వస్తాదు సెట్టి తలను ఒడిలో పెట్టుకున్నాడు. సెట్టి రొమ్ము కదలదు. గరిడీ అంతా ఊపిరి బిగబట్టింది.

రొమ్ము కదిలింది. ఒకసారి. మరొకసారి. సెట్టి కళ్లు తెరిచి, చుట్టూ వంగిన ముఖాలన్నింటినీ చూశాడు.

"ఇంట్లో చెప్పకండి" అన్నాడు.

ఏడవబోయినవారందరూ నవ్వారు. ఆసనం అంచున కూర్చున్న రాజు కూడా వెనక్కి ఆనుకున్నాడు.

నవ్వు ఆగాక రాజు ముఖం గంభీరమైంది. "ఇతనికి తోడు ఎవరు?" అన్నాడు.

"నేనే, ప్రభూ" అన్నాడు వస్తాదు. "నా చూపు తప్పింది. శిక్ష నాకు విధించండి."

"నీ ఒక్కని చూపే తప్పిందా? నేనూ అటే చూశాను." రాజు అప్పలకొండ వైపు తిరిగి, పెదవులు కనబడేటట్టు నిదానంగా అడిగాడు. "ఇందరూ అటు చూడగా, నీవొక్కడివి ఇటెలా చూశావు?"

"నాకేమీ వినబడలేదు, ప్రభూ" అన్నాడు అప్పలకొండ. "అందువల్ల కనబడింది."

చప్పుడు చెవులనే కాదు, కళ్లనూ ఎత్తుకుపోతుందని అందరికీ అప్పుడు తెలిసింది.

రాజు లేచాడు. "నేటి నుండి ఈ గరిడీలో చీమ చిటుక్కుమనరాదు. నోట చప్పుడు వెలువడినవానిని వెళ్లగొట్టండి."

"ప్రభూ!" అన్నాడు పడుకున్న సెట్టి, మోచేతి మీద లేస్తూ. "చప్పుడు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. తోడును పిలిచాను. నన్నూ వెళ్లగొడతారా?"

రాజు ఆగిపోయాడు.

"బరువు కింద దేహం మూలుగుతుంది. మూలగనివ్వాలి. ఊపిరి బిగబట్టి ఎత్తమంటే గుండె పగులుతుంది. ఆపదలో పిలవాలి. ఇవి వద్దంటే నాబోటివాడు ఇక్కడికి రాలేడు. రాకపోతే బ్రతకలేడు."

"అయితే హద్దు ఎక్కడ గీయమంటావు?"

"ఆ సంగతి పైడిమల్లు బాబుకే బాగా తెలుసు. ఒక్క ప్రశ్న అడగండి, ప్రభూ. ఇక్కడ ఎవరూ లేని వేళ రాయి ఎత్తినప్పుడు కూడా ఆయన ఇలాగే అరుస్తాడా?"

అందరూ పైడిమల్లును చూశారు. అన్నాళ్లుగా అతడు కోరుకున్నది అదే. ఇప్పుడు తల ఎత్తలేకపోయాడు. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. మేనమామ పేరు చెప్పుకోవచ్చు. సెట్టి రొమ్ము మీద రాయి పడిన ఎర్రని గుర్తు కనబడుతోంది.

"అరవను, ప్రభూ" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని ఎవరూ అనుకోలేదు. "ఒంటరిగా ఉంటే అసలు ఎత్తబుద్ధే కాదు. ఎవరూ చూడకపోతే ఎత్తినట్టే ఉండదు."

రాజుకు కోపం రావలసినది. రాలేదు. నిజం చెప్పినవాని మీద కోపం నిలవదు. "హద్దు దొరికింది" అన్నాడు. "దేహానికి అవసరమైన చప్పుడు ఉండవచ్చు. నలుగురి చూపు కోసం చేసే చప్పుడు ఉండరాదు. సెట్టీ, నీ ప్రాణం మీదికి వచ్చింది. శిక్ష నీవే చెప్పు."

సెట్టి పైడిమల్లు వైపు చూశాడు. "నేను లేవగలిగిన నాటి నుండి ఆయన నాకు తోడు నిలవాలి, ప్రభూ. అంత బలమైన చేతులు నా ఎదుట ఉంటే నాకు భయం ఉండదు."

"ఇది శిక్షా?" అన్నాడు రాజు.

"నిలబడి చూస్తే ఆయనకే తెలుస్తుంది."

సెట్టి కోలుకున్నాడు. సంగతి ఇంట్లో ఎలాగూ తెలిసింది. సన్యాసమ్మ పెట్టిన చీవాట్లు వేరే కథ. ఆమెయే మళ్లీ గరిడీకి పంపింది.

పైడిమల్లు సెట్టికి ఎదురుగా నిలబడ్డాడు. ఎవరూ అతనిని చూడడం లేదు. అతడే ఒకరిని చూడాలి. సెట్టి కనుబొమ్మలు ముడిపడుతున్నాయి. మెడనరం ఉబ్బుతోంది. పెదవి వణుకుతోంది. ఒక మనిషి బరువు ఎత్తుతున్నప్పుడు ఎలా ఉంటాడో పైడిమల్లు ఏనాడూ చూడలేదు. తనకు తెలియకుండానే రెండు చేతులు ముందుకు చాచాడు. అతని నుదుట చెమట పట్టింది.

"సెట్టిగారూ, చాలునా?" అన్నాడు, సెట్టికి మాత్రమే వినబడేటట్టు.

సెట్టి కాదన్నట్టు కళ్లార్పాడు. రాయిని భుజానికి ఎత్తాడు. క్షణం నిలిపాడు. రొమ్ముకు దించాడు. మోకాళ్లకు దించాడు. ఎర్రమన్నులో పెట్టాడు. చప్పుడు కాలేదు.

ఇద్దరూ ఒక్కమారే ఊపిరి వదిలారు. గరిడీ ఎంత నిమ్మళంగా ఉందంటే, ఆ నిట్టూర్పు ఆ మూలనుండి ఈ మూలకు వినిపించింది. గవరయ్య వస్తాదు మీసం చాటున నవ్వి, తరువాతి వానిని పిలిచాడు.

కనుక నలుగురి నడుమ శ్రమించేవాడు తన బలాన్ని తన చేతులలో ఉంచుకోవాలి గాని పక్కవాని చెవుల మీద పడవేయరాదు.