మాటల్లేని వేషం

రాజులు పోయి, ఇంటింటా టీవీ వచ్చిన కాలంలో, అనగనగా ఒక మహానగరం. ఆ నగరంలో సీరియళ్లు తీసే స్టూడియోలు చాలా ఉన్నాయి. వాటిలో నటించాలని పార్వతీపురం నుంచి సత్యవేణి అనే అమ్మాయి వచ్చింది.

ఆమె తండ్రి బస్సు కండక్టరు. కూతురికి ఒక ఏడాది గడువిచ్చాడు. ఆలోగా నటిగా నిలబడకపోతే తిరిగొచ్చి టీచరు ట్రైనింగులో చేరాలన్నాడు. వేణి సరేనంది. పిన్ని ఇంట్లో దిగి, స్టూడియోల చుట్టూ తిరిగింది.

ఆరు నెలలకు మొదటి వేషం దొరికింది. పెళ్లి సన్నివేశంలో పెళ్లికూతురి స్నేహితురాలు. మాటల్లేవు. ఆమె పక్కన ఇంకా పదిమంది అమ్మాయిలు. పెళ్లికూతురు తల్లికి వీడ్కోలు చెబుతుంటే వాళ్లందరి కళ్లూ కెమెరా మీదే ఉన్నాయి. వేణి మాత్రం పెళ్లికూతురి మాటలు వింది. వింటూ ఉంటే తాను ఊరు విడిచిన రోజు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. దర్శకుడు చలపతి అది చూశాడు. పేరడిగి రాసుకున్నాడు.

రెండో వేషం ఆయనే ఇచ్చాడు. ఆసుపత్రిలో నర్సు. ఇందులోనూ మాటల్లేవు. మంచం మీద రోగిగా నటిస్తున్న సూర్యనారాయణమూర్తి ఒకప్పుడు చాలా పేరున్న నటుడు. ఇప్పుడు వయసు మీదపడి డైలాగులు మరిచిపోతున్నాడు. ఆ రోజు నాలుగుసార్లు ఒకేచోట ఆగిపోయాడు. అందరూ విసుక్కున్నారు. ఐదోసారీ అక్కడే ఆగాడు. అక్కడ ఆయన కొడుకు ఫొటో గురించి చెప్పాలి. అంతసేపూ వింటున్న వేణికి ఆ సంగతి తెలుసు. దుప్పటి సర్దుతున్నట్టే సర్దుతూ, బల్ల మీది ఫొటోను ఆయన వైపు తిప్పింది. పెద్దాయనకు మాట అందింది. సన్నివేశం పూర్తయింది.

బయటికొచ్చాక ఆయన చలపతితో, "ఈ పిల్ల నా మాట వింటోందయ్యా. నా ఎదుట నిలబడి నిజంగా వినేవాళ్లను చూసి చాలా కాలమైంది," అన్నాడు.

ఆ మాట మీద మూడో వేషం వచ్చింది. కొత్త సీరియల్లో నాయిక చెల్లెలు. కళ్లెదుటే తల్లి పోవడంతో చిన్నప్పుడే నోట మాట పడిపోయిన పిల్ల. నాలుగు రోజుల పని. తోటి నటీమణులు వద్దన్నారు. మూగ వేషం వేస్తే ఇక అన్నీ అలాంటివే ఇస్తారన్నారు. తండ్రి పెట్టిన గడువు రెండు నెలలే మిగిలింది. వేణి భయపడుతూనే ఒప్పుకుంది.

అక్క వేషం అరుంధతి అనే నటిది. అక్క మాట్లాడేది, చెల్లెలు వినేది. చూసేవాళ్లు అక్క మాట వినగానే చెల్లెలి ముఖం కోసం వెతికేవారు. ఐదో రోజు నుంచి చెల్లెలు కనబడకపోయేసరికి, ఆ పిల్ల ఏమైందని చానలుకు ఫోన్లు మొదలయ్యాయి. నాలుగు రోజుల వేషం ఏడాదికి పైగా సాగింది. తండ్రి గడువు మాట మళ్లీ ఎత్తలేదు.

ఒకనాడు నిర్మాత, ఇక చెల్లెలికి మాట రావాలన్నాడు. అక్క ఇల్లు విడిచి వెళ్లే ఘట్టంలో వేణి కోసం రెండు పేజీల డైలాగు రాయించాడు. అంత మంచి అవకాశాన్ని ఏ నటీ వదులుకోదు. వేణి ఆ పేజీలు రెండుసార్లు చదివి చలపతి దగ్గరికి వెళ్లింది.

"పదిహేనేళ్లుగా మాట్లాడని పిల్ల సార్. ఒక్కసారిగా ఇన్ని మాటలు ఎలా అంటుంది? ఒక్క మాట చాలు."

"మళ్లీ ఇలాంటి డైలాగు దొరకదమ్మా. నష్టపోయేది నువ్వే."

"తెలుసు సార్."

నిర్మాత కోప్పడ్డాడు. ముందు ఆమె చెప్పినట్టు తీద్దాం, బాగా రాకపోతే రెండు పేజీలూ చెప్పిద్దామని చలపతి ఆయనకు నచ్చజెప్పాడు.

చిత్రీకరణ మొదలైంది. అరుంధతి చెప్పాల్సిందంతా చెప్పి గుమ్మం వైపు నడిచింది. వేణి చివరి మాట దాకా వింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్లీ కదిలాయి.

"అక్కా," అంది బొంగురు గొంతుతో.

అరుంధతి వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. కథలో అలాగే రాశారు. కానీ ఆమె ఆ సంగతే మరిచి, తిరిగొచ్చి చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ రెండు పేజీల ఊసెత్తలేదు. కథనే మార్చి రాసుకున్నారు.

ఆ భాగం ప్రసారమయ్యాక వేణి పేరు తెలియని ఇల్లు లేదు. చలపతి తీసిన తర్వాతి సీరియల్లో ఆమే నాయిక. ఇప్పుడు ఆమెకు బోలెడన్ని మాటలు. అయినా ఎదుటి నటులు మాట్లాడుతున్నంతసేపూ, అది ఎంత చిన్న వేషమైనా సరే, వాళ్ల ముఖం మీద నుంచి చూపు తిప్పేది కాదు.

ఎదుటివారి మాట మనసుపెట్టి వినేవారికే, తమ మాట ఎప్పుడు పలకాలో, ఎంత పలకాలో తెలుస్తుంది.