గుట్టెక్కిన జుంటయ్య

అనగనగా ఒక అడవిలో, ఏటి పక్క గుహలో జుంటయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. తిండంటే పడి చచ్చేవాడు. ఒక వేసవిలో ఇప్పపువ్వు పీకలదాకా మేసి గుట్టెక్కబోయి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. గద్ద దూరపు కొండ నుంచి మందు వేరు తెచ్చి ప్రాణం నిలిపింది. కూలిగా ఒక నిండు తేనెపట్టు తీసుకుపోయింది. తప్పేం లేదు, అంత దూరం ఎగరడం మాటలా?

ఎలుగుల ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. జబ్బు పడ్డవాణ్ణి కదలనివ్వరు, తేనె పెట్టి కూర్చోబెడతారు. జుంటయ్య పెళ్ళాం ఇప్పమ్మ అలాగే చేసింది. పాపం, ప్రేమకొద్దీ చేసింది. జుంటయ్య పొట్ట పెరిగింది, గుండె మరో రెండుసార్లు మొరాయించింది. గద్దకు మరో రెండు పట్లు పోయాయి. వానాకాలానికి పిల్లలిద్దరి కోసం దాచిన తేనెలో ఇక ఒక్క పట్టే మిగిలింది.

అదీ గద్దకిచ్చి ఇంకో వేరు ముందే తెప్పించుకుందామన్నాడు జుంటయ్య. వైద్యం తెలిసిన ముసలి ముంగిస ఆపింది.

"వేరు పడ్డవాణ్ణి లేపుతుంది నాయనా, పడకుండా ఆపదు. రోజూ నేనిచ్చే మందాకు మానకుండా తిను. తేనె తగ్గించి నాతో నడువు."

"నడిస్తే గుండె పగిలిపోదూ?" అన్నాడు జుంటయ్య. వాడికి నిజంగానే భయం.

"మెల్లగా నడుద్దాం. నేను పక్కనే ఉంటా."

జుంటయ్య ఆ ఒక్క పట్టు వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. లేచాడు.

మొదట పుట్టదాకా నడిచాడు. దారి పొడుగునా ముంగిసను తిట్టని తిట్టు లేదు. కొన్నాళ్ళకు ఏటిదాకా వెళ్ళాడు. ఆ తర్వాత గుట్ట సగందాకా. ఆకలేస్తే పుట్ట తవ్వి చెదలు తిన్నాడు. ఇప్పమ్మ వాడు కూర్చున్నచోటికి తేనె తెచ్చే పని మానేసింది. ఎలుగుకు నడక వైద్యమట అని నక్కలు నవ్వాయి. నవ్వితే నవ్వనీ.

వానలొచ్చాయి. ఒకనాడు ఏరు పొంగి నీళ్ళు గుహలోకి దూసుకొచ్చాయి. ఆ వానలో గద్ద ఎగరలేదు, పడితే వేరు తెచ్చే దిక్కు లేదు. ఇప్పమ్మ తేనెపట్టును నోట కరుచుకుంది. జుంటయ్య పిల్లలిద్దర్నీ వీపున ఎక్కించుకుని, తను కూలబడ్డ ఆ గుట్టే ఎక్కాడు. మధ్యమధ్య ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు. గుండె మాట విన్నది. కొసన నిలబడి అడవంతా వినబడేలా ఒక్క అరుపు అరిచాడు.

పిల్లలు ఆ పట్టును ఆవురావురుమంటూ నాకారు. జుంటయ్య ఒక్క చుక్క రుచి చూసి, మిగతాది వాళ్ళ వైపు తోశాడు.

నీతి: పడ్డాక లేపే మందుకు ఇల్లు గుల్లవుతుంది, పడకుండా కాపాడే నడకకు, మితమైన తిండికి ఒళ్ళు వంచితే చాలు.