పడగొట్టడం వచ్చిన రోజు

ఓబులేశు సారుకు ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడు. దానికి తగిన పని ఏదైనా అంగడి మెట్లెక్కి వచ్చేదాకా ఆగుతాడు. ధర్మవరంలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన అంగట్లో మేం నలుగురం పని నేర్చుకున్నాం. ప్రశ్న అడిగిన ఆరు నెలలకు జవాబు అందుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. కుళ్ళాయప్పకు మాత్రం జాతకం బాగుండి ఒక్కరోజులోనే దొరికింది.

కుళ్ళాయప్ప ముప్పై దాటిన మనిషి. చేతివేగం ఎక్కువ, ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. ఒక పొద్దున సారును అడిగాడు: "పని చక్కగా చేసినోడు గర్వపడితే తప్పంటారు, ఏమిటికి సార్?" సారు స్క్రూలు డబ్బాలో వేసుకుంటూ విననట్టే ఉండిపోయాడు.

కాసేపటికి చౌడమ్మ ఆటో దిగింది. సీపీయూ డబ్బాను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది పాపం. ఏళ్ళ తరబడి మగ్గం నేసి, ఆ తర్వాత కంప్యూటర్లో పట్టుచీరల డిజైన్లు గీయడం నేర్చుకున్న మనిషి. ఆమె వాడే డిజైన్ ప్రోగ్రాం చాలా పాతది, కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకని ఆమె డెస్క్‌టాప్ లోపలే పాతకాలపు కంప్యూటర్ ఇంకొకటి ఉన్నట్టు నడిచే ఏర్పాటు చేసిపెట్టాం. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. చౌడమ్మ మాత్రం "లోపలిది" అంటుంది.

"రెండు నెలలు కూర్చొని ఒక చెరగు గీసినా సారూ. ఎవురి నమూనా చూడలేదు, నా సొంతం. అది తెరిస్తే చాలు, లోపలిది టక్కున ఆగి పడిపోతాండాది," అంది. మర్నాడు ఆ చెరగుకు జాకార్డు అట్టలు కొట్టించాలి. ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పేవి ఆ అట్టల మీది చిల్లులే. కొడుతుండగా మధ్యలో లోపలిది పడిపోతే అట్టలన్నీ పాడైపోతాయి, ఆ నమూనా మీద మళ్ళీ ఎవరూ నమ్మకం పెట్టరు.

కుళ్ళాయప్ప గంటలో తేల్చేశాడు. లోపలిదానికి మెమరీ పెంచాడు. దాన్ని నడిపే ప్రోగ్రాం తీసేసి కొత్తది వేశాడు. గ్రాఫిక్స్ అమరిక మార్చాడు. చౌడమ్మ దాచుకున్న జాతర వీడియోలు అడ్డంగా ఉన్నాయని వేరే డిస్కులోకి తోసేశాడు. చెరగు తెరుచుకుంది. "అయిపాయె," అని ఛాతీ విరుచుకున్నాడు.

"ఏమిటికి పడింది?" అన్నాడు సారు.

"ఇప్పుడు పడలేదు కదా సార్."

"నేనడిగింది అది కాదప్పా. మళ్ళీ పడగొట్టు, చూద్దాం."

చౌడమ్మ డబ్బాకు చెయ్యి అడ్డం పెట్టింది. సారు ముందుగా ఆమె డిజైన్‌ను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది కానీ మనసు కుదుటపడలేదు. "నడిచేదాన్ని చెడగొట్టేదేంది సారూ?" అంది.

"మగ్గం మీద పోగు ఒకే తావున పదేపదే తెగితే, ముడేసి ఊరకుంటావా అక్కా?"

"ఎట్లుంటా? అది యాడ కోసుకుంటాందో చూడొద్దా?" అని, అన్నాక తనే ఆలోచించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

కుళ్ళాయప్ప మొహం మాడ్చుకుని, చేసినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. మెమరీ తగ్గించి చెరగు తెరిచాడు. పడలేదు. పాత ప్రోగ్రాం మళ్ళీ వేశాడు. పడలేదు. గ్రాఫిక్స్ యథాస్థానానికి తెచ్చాడు. ఊహూఁ. గొప్పగా వేసిన మూడు మందులూ ఉత్తనీళ్ళని తేలేసరికి మధ్యాహ్నమైంది, క్యారియర్ మూత కూడా తియ్యలేదు. చివరికి విసుగ్గా జాతర వీడియోలను పాత చోటికి చేర్చి తెరిచాడు. లోపలిది దభీమని పడింది.

అప్పుడు గాని, ఆ యంత్రం తనకు జరిగినదంతా రాసుకునే లాగ్ చదవాలని అతనికి తోచలేదు. డిస్కులో చోటు లేదని అందులో స్పష్టంగా ఉంది. చోటంతా ఎవరు తిన్నారని వెతికితే స్నాప్‌షాట్లు బయటపడ్డాయి. లోపలిదాన్ని ఉన్నది ఉన్నట్టు దాచుకునే నకళ్ళవి. కొత్తది తీసినంత మాత్రాన పాతది పోదు. రెండువందల పదకొండు ఉన్నాయి.

"ఇన్నెందుకు తీస్తివక్కా?" అన్నాడు.

"చీర సగంలో ఉండంగా మగ్గం మీంచి దించరాదు కదప్పా. పొద్దుగూకితే యాడ నిలిపితినో ఆడనే భద్రం చేసినా, లోపలిది వచ్చినకాడి నుంచీ దినామూ."

కుళ్ళాయప్ప నవ్వలేదు. పొద్దునైతే నవ్వి ఉండేవాడే. తను చేసింది మరమ్మతు కాదని, వీడియోలు జరిపి ఏదో కాస్త చోటు తెచ్చిపెట్టాడంతేనని అర్థమైంది. రేపు అట్టలు సగం కొట్టాక పడిపోతే చౌడమ్మ మొహం ఎలా చూసేవాడు?

ఆ తర్వాత అతను చేసింది చూడవలసిందే. డిస్కు నింపి "ఇప్పుడు పడతాది" అన్నాడు, పడింది. ఖాళీ చేసి "ఇప్పుడు నిలబడతాది" అన్నాడు, నిలబడింది. మూడుసార్లు చెప్పి చేశాడు, మూడుసార్లూ మాట తప్పలేదు. ఇటీవలి రెండు నకళ్ళు ఉంచి, పాతవి ఓపిగ్గా ఒక్కొక్కటే తీసేశాడు. ఇంకెన్ని ఉంచుకోవచ్చో, ఎప్పుడు తీసెయ్యాలో చౌడమ్మ చేతనే చేయించి చూపించాడు. ఆఖరున చెరగు తెరిచారు. చింతచిగురు రెమ్మలు తెర నిండా అల్లుకున్నాయి. ధర్మవరంలో ఎన్నో చెరగులు చూశాను గాని, అంత సొగసైనది చూసిన గుర్తు లేదు.

కుళ్ళాయప్ప గోడకు చేరబడి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పక్కన ఉన్న నాకే ఛాతీ పొంగింది, అబద్ధమెందుకు.

"పొద్దున అన్ని మాటలు చెప్పినోడు, ఇంత చేసి నోరు తెరవడేమి సారూ?" అని అడిగింది చౌడమ్మ.

సారు గొంతు తగ్గించి అన్నాడు: "గర్వం సంగతి అడిగినాడులే అక్కా పొద్దున. ఇప్పుడది నిజంగా వాని కాడికి వచ్చినట్టుండాది. వాళ్ళిద్దర్నీ కాసేపు మాట్లాడుకోనీ."