పట్టు దుప్పట్ల పెట్టె

రాజుగారి రథశాలలో గాలితో రంగు చిమ్మే పెద్ద తిత్తి ఉండేది. నొక్కినకొద్దీ గాలి వేడెక్కేది. రథం దాకా వచ్చి చల్లారి, రంగులో నీళ్లు కక్కేది. రథం మీది రంగు నిండా బొబ్బలే.

"గాలి వచ్చే దారిలో ఆరుబయట ఓ రాగి గొట్టం పెడితే గాలి అక్కడే చల్లబడి నీళ్లు వదిలేస్తుందండి," అన్నాడు కమ్మరి కొండోజు.

మంత్రి శూరపరాజు మండిపడ్డాడు. "రాజుగారి గాలి వట్టి గొట్టంలోనా? వెండి పెట్టె చేసి పట్టు దుప్పట్లు చుట్టు. రేపటికి రథం మెరవకపోతే కొరడా దెబ్బలే!"

మర్నాడు మంత్రి ఎండనపడి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"తమరు చెప్పినట్టే చేశానండి. ముందు తమరే చల్లబడండి," అంటూ కొండోజు ఆయన్ని పెట్టెలో కూర్చోబెట్టి, మూతేసి, దుప్పట్లన్నీ చుట్టాడు.

"ఉడికిపోతున్నాన్రా! నన్ను ఆరుబయటికి తియ్యి!" లోపల్నించి మంత్రి కేకలు పెట్టాడు.

"గాలి కూడా నిన్నట్నుంచీ అదే మొత్తుకుంటోందండీ," అన్నాడు కొండోజు, తాపీగా మూత తీస్తూ.