సుభాషిణి పదమూడో వారం

ఎవరు ఏ సందేహం తెచ్చినా త్రిపురాంబ పంతులమ్మగారు జవాబు చెప్పేవారు కాదు. "పుస్తకం తే" అనేవారు. సాలూరులో ఆవిడ దగ్గర తెలుగు చదువుకున్న మూడేళ్లలో ఆ మాట నేను లక్షసార్లు విన్నాను. నమ్మకపోతే ఓ పది తగ్గించుకోండి.

ఒక పొద్దున్న నాతోపాటు చదివే వకుళ వాళ్ల నాన్నతో కలిసి ఆవిడ ఇంటికి వచ్చింది. ఆయన వసారాలో కూర్చున్నారు, ఇది లోపలికొచ్చి చాప మీద చతికిలబడింది. దానికి పార్వతీపురం బడిలో ఉద్యోగం వచ్చింది. చేరతావా, మానతావా అని వారంనుంచి ఇంట్లో అడుగుతున్నారు. అందరికీ ఒకటే సమాధానం, "మీ ఇష్టం". ఆ సాయంత్రంలోగా టెలిగ్రాం ఇవ్వకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ సంగతి మాత్రం ఎత్తకుండా, పంతులమ్మగారు వ్యాసం రాయమన్న నవల గురించి అడిగింది.

"పంతులమ్మగారూ, సుభాషిణికి తనంటూ ఒకటి ఉందంటారా? పుట్టింట్లో నాన్న కూతురు, అత్తింట్లో అత్తగారి కోడలు. మధ్యలో ఆవిడేదీ? మొగుడు అంత బతిమాలి నీకేం కావాలని అడిగితే, 'మీ ఇష్టం' అని తల దించుకుంటుంది. అలాంటి మనిషి గురించి ఆరు పేజీలు ఏం రాయనండీ?"

"పుస్తకం తే."

ఆ పుస్తకాన్ని మీరు చూడాలి! మేం పుట్టకముందు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. ఎవరో మహాతల్లి వారం వారం కాగితాలు చింపి దాచి, దబ్బనంతో కుట్టింది. ఊరంతటికీ అదొక్కటే ప్రతి. ఎత్తాలంటే ఇద్దరు వస్తాదులు కావాలి. చదవడం వచ్చిన పిల్ల పైకి చదివేది, చుట్టూ ఆడవాళ్లు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినేవారు. ఇల్లిల్లూ తిరిగి తిరిగి దానికి పసుపు వాసన, పోపు వాసన పట్టేశాయి. ఇప్పటికీ ఇంగువ వేగితే నాకు సుభాషిణే గుర్తొస్తుంది.

"ఆ మాట ఎక్కడుందో చూపించు," అన్నారు పంతులమ్మగారు.

వకుళ పేజీలు తిప్పింది. పన్నెండో వారం చివర మొగుడు స్తంభం పట్టుకుని నిలబడి, "నీకేం కావాలి?" అంటాడు. కింద సశేషం. పేజీ తిప్పితే పధ్నాలుగో వారం. మరుసటి వేసవి, సుభాషిణి పెరట్లో మిరపకాయలు ఎండబెడుతోంది. వకుళ వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది, కాగితాలు అంటుకున్నాయేమోనని గోటితో గీరింది. పదమూడో వారం లేదు. ఆ ఏడు వానలకి రైలు కట్ట తెగి ఆ వారం పత్రిక సాలూరు రానేలేదట.

"అదేంటండీ, నేను చదివాను! మా నాయనమ్మకి పైకి చదివి వినిపించాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా."

"అప్పుడు నీకెన్నేళ్లు?"

"పదకొండు."

నేను ఉండబట్టలేకపోయాను. "మా వీధిలో అయితే సుభాషిణి గంటన్నర ఉపన్యాసమిచ్చింది. అత్తగారు మూర్ఛపోయింది. చదివింది నేనే!"

"నీ సంగతి తెలుసులే హైమా. నువ్వు చదివితే పంచాంగంలో కూడా హత్యలుంటాయి."

వకుళ నవ్వలేదు. పన్నెండో వారానికీ పధ్నాలుగో వారానికీ మధ్యనున్న కుట్టుని వేలితో తడిమింది. "వినేవాళ్లంతా నా మొహమే చూస్తున్నారండీ," అంది. "కాగితం లేదంటే తిడతారని భయం. ఏమంటే నాయనమ్మ మెచ్చుకుంటుందో అదే అన్నాను." తలెత్తి, "అసలు రచయిత ఏం రాశారండీ?" అని అడిగింది.

"నాకూ తెలీదు. ఈ ఊళ్లో ఎవరినడిగినా వాళ్లింట్లో విన్నదే చెబుతారు."

వకుళ పుస్తకం మూసి లేచి వసారాలోకి వెళ్లింది. "ఏమంటావు తల్లీ?" అన్నారు వాళ్ల నాన్న, ఆ వారంలో వందోసారి. "నాన్నా, నాకు..." అంటోంది అది. నేను ఒక్క గెంతులో తలుపు దగ్గరికి చేరి, మూరెడు పొడుగు సాగేలా చెవి ఆనించాను. పంతులమ్మగారు నా జడ పట్టుకుని వెనక్కి లాగారు.

"తప్పుకోవే. ఆ ఒక్క మాటైనా దాన్ని మనమెవరం వినకుండా అననీ."