సన్యాసిరావు వండిన టర్కీ కూర

దా, ఇటు జరిగి పడుకో. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి మరి, లేకపోతే కథ ఆపేస్తాను.

అనగనగా చంపావతి ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో సన్యాసిరావని ఒకాయన ఉండేవాడు. పొలాల్లో కాలిపోయిన మోటార్లు బాగుచేయడం ఆయన పని. ఆయన భార్య గౌరి నర్సు చదువు కోసం విశాఖపట్నం వెళ్ళి హాస్టల్లో ఉండేది. ఆదివారం వచ్చి చూసి పోయేది. మిగతా రోజుల్లో ఇంట్లో సన్యాసిరావు, కూతురు మంగ, ఇద్దరే. మంగకి అప్పుడు నీ అంత వయసు.

ఇద్దరికీ వంట రాదు. పొద్దున్న హోటల్ ఇడ్లీ, సాయంత్రం హోటల్ పరోటా. ఈ సంగతి గౌరి వాళ్ళమ్మ అప్పలకొండమ్మ చెవిన పడింది. అప్పుడావిడ ఒక బుధవారం సాయంత్రం చేతిసంచితో బస్సు దిగింది.

"పిల్ల చిక్కి సగమైపోయింది అల్లుడూ. పొద్దున్నే నాతో తీసుకుపోతాను. మా ఊళ్ళోనే బళ్ళో వేస్తాను," అంది.

మంగకి భయం వేసింది. అమ్మమ్మ ఊరికి అంత దూరం పోతే ఇక పక్కన నాన్న ఉండడు, ఆదివారం అమ్మ రాదు. వెళ్ళి నాన్న చొక్కా పట్టుకుని నిలబడింది.

"మేం వండుకుంటాం అత్తా," అన్నాడు సన్యాసిరావు మెల్లిగా.

"అయితే ఈ పూట వండి పెట్టు. తిన్నాక చెప్తాను. నేను మాత్రం వంటింట్లోకి రాను," అని అప్పలకొండమ్మ వీధి అరుగు మీద కూర్చుంది.

ఇంట్లో ఏముందీ? కాసిని బెండకాయలు, చింతపండు, బియ్యం. వాటితోపాటు టర్కీ కోడి మాంసం. ఆ రోజే టర్కీ కోళ్ళు పెంచే ఆసామి, మోటారు బాగుపడిన సంబరంలో, కోసి శుభ్రం చేయించి ఇచ్చాడు. టర్కీ కోడి చూశావుగా? మెడ కింద ఎర్రటి తోలు వేలాడేసుకుని, ఒళ్ళంతా ఉబ్బించుకుని, పెళ్ళివారిలా తిరుగుతుంది. అదే.

గౌరికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వార్డులో పనిలో ఉంది. సరే, ఇక మనమే అనుకున్నారు తండ్రీకూతుళ్ళు.

సన్యాసిరావు చేతుల గ్రీజు పోయేదాకా తోముకున్నాడు. ముక్కలకి ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించాడు. ఆ తర్వాత ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ముక్కలు వేసి, కారం, ధనియాల పొడి చల్లాడు. మంగ బెండకాయల్ని గుడ్డతో తడి లేకుండా తుడిచి అందించింది. ఆయన తరిగి వేపుడు పెట్టాడు. ఇల్లంతా కమ్మటి వాసన.

మామూలు కోడికూర ఉడికేంత సేపు అయింది. మూత తీసి ముక్క కొరికితే పన్ను దిగలేదు. చెప్పు తోలులా సాగింది.

అరుగు మీద అప్పలకొండమ్మ చెవులు రిక్కించింది. వంటలో చెయ్యి వేద్దామని గబుక్కున లేచి గుమ్మం దాకా వచ్చింది. "నువ్వు రానన్నావు అమ్మమ్మా," అంది మంగ అడ్డంగా నిలబడి. ఆవిడ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

సన్యాసిరావు తల గోక్కున్నాడు. "పెద్ద పక్షి కదా, కండ గట్టిగా ఉంది. గట్టిదానికి ఆవిరి కావాలి," అని కూరంతా కుక్కర్లోకి దింపి, నీళ్ళు పోసి, మూత బిగించాడు.

ఆ తర్వాత చారు కాచారు. రుచి చూస్తే నోరంతా ఉప్పు.

"ఉప్పు నేను వేశాను నాన్నా."

"నేనూ వేశానే."

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. ఆ నవ్వు విని అప్పలకొండమ్మ మళ్ళీ లేచింది. మంగ మళ్ళీ అడ్డం నిలబడింది. లోపల సన్యాసిరావు ఇంకాసిన్ని నీళ్ళూ చింతపండు పులుసూ పోసి, ఇంత బెల్లం ముక్క వేశాడు. చారు దారికొచ్చింది.

అప్పుడు అన్నం గిన్నె మూత తీశారు. నీళ్ళెక్కువై అన్నం ముద్దయిపోయింది. దానికి చేసేదేం లేదు. మంగకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అప్పలకొండమ్మ మూడోసారి లేచి వచ్చేసరికి మంగ అడ్డం నిలబడలేదు.

"రండత్తా, వడ్డించేస్తాను," అన్నాడు సన్యాసిరావు. పీట వేశాడు. పొగలు కక్కే అన్నం, పక్కన వేపుడు, మీద టర్కీ కూర. ఎముక నుంచి ముక్క దానంతటదే ఊడి వస్తోంది.

ఆవిడ ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. "అన్నం మెత్తగా ఉంది," అంది.

ఇద్దరూ తలలు దించుకున్నారు.

మూడో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నాకు పెళ్ళైన దగ్గర్నుంచీ అందరూ తిన్నాకే తిన్నాను అల్లుడూ. అడుగున ఏం మిగిలితే అదే. ఇలా కూర్చోబెట్టి, ముందుగా నాకు వేడివేడిగా ఎవరూ వడ్డించలేదు," అంది మెల్లిగా.

సన్యాసిరావు మంచి ముక్క ఒకటి చూసి ఆవిడ కంచంలో వేశాడు. మంగ ఇంత చారు పోసింది. ఆవిడ కంచం ఖాళీ అయ్యేదాకా తింది.

అప్పుడు వార్డులో పని అయ్యాక గౌరి ఫోన్ చేసింది. అప్పలకొండమ్మే ఎత్తింది. "ఏం కాలేదే, ఇప్పుడే భోంచేశాను. మీ ఆయనే వండాడు. నువ్వు దిగులు పెట్టుకోకుండా చదువు పూర్తి చేసుకుని రా. పిల్ల ఇక్కడే ఉంటుంది."

మంగ వచ్చి అమ్మమ్మ మెడ వాటేసుకుంది. "మరి నువ్వు వెళ్ళిపోతావా?"

"పొద్దున్నే వెళ్తాను. మళ్ళీ బుధవారం వస్తాను. నాక్కూడా కలిపి బియ్యం పొయ్యండి," అంది అప్పలకొండమ్మ. "నీళ్ళు మాత్రం కాస్త తగ్గించండి."

కూర గిన్నె ఖాళీ,
కూనకేమో లాలి.
కథేమో కంచి బస్సెక్కింది,
కంటికేమో కునుకు పట్టింది.